నదికి అడ్డంగా ముంచిన ఓడలు

పన్నెండేళ్ళుగా ఒక విషయం నా లోపల ఉంది. చాలాసార్లు చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చేది, ఆగిపోయేది. ఇవాళ ఇంక ఆపడం నా వల్ల కావడం లేదు.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. తెలుగులో రాస్తున్నాను, ఎందుకంటే యాంగోన్‌లో, అదే పాత రంగూన్‌లో, బర్మా భాషలో రాసిన కాగితం ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. తెలుగు చదవగలిగినవాళ్ళు మా వీధిలో నలుగురైదుగురే మిగిలారు. ధైర్యం వల్ల రాస్తున్నానని మాత్రం అనుకోకండి.

ఇవాళే ఎందుకంటే, ఇవాళ నాకు డిగ్రీ వచ్చింది. ఎం.ఏ. చరిత్ర. మా ఇంట్లో మొదటి ఎం.ఏ. మా ఇంట్లో ఏమిటి, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మా తెలుగు వీధి మొత్తానికి మొదటిది. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి రేవులో బియ్యం బస్తాలు మోశాడు. మా నాన్న అదే రేవులో క్రేను కింద నిలబడి వయసంతా గడిపాడు. ఇద్దరికీ సంతకం తప్ప రాత రాదు. అలాంటి ఇంటి పిల్లని నేను. రెండేళ్ళ చదువు పన్నెండేళ్ళు పట్టింది. యూనివర్సిటీ మూసేవాళ్ళు, తెరిచేవాళ్ళు, మళ్ళీ మూసేవాళ్ళు. తెరిచినప్పుడల్లా వెళ్ళి నా థీసిస్ ఇంకా బతికే ఉందా అని అడిగి వచ్చేదాన్ని.

పొద్దున ఆ కాగితం చేతికి రాగానే కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటూ వచ్చాను. బస్సులో టికెట్లు కొట్టే మనిషికి చెప్పాను. పబేడాన్ బజారులో దిగి, ఇన్నేళ్ళూ నేను గుడ్డలు కొలిచిన కొట్టులో చెప్పాను. షావుకారు బల్ల మీదికి వంగి, ఐతే రేపట్నుంచి గజం కర్ర పట్టుకోవా అని వెక్కిరించి, టీ తెప్పించాడు. మా వీధిలోకి వచ్చేసరికి నాకంటే ముందే వార్త వచ్చేసింది. నాన్న ఉతికిన లుంగీ కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“ఇప్పట్నించి నిన్ను ఏటని పిలవాల? నువ్వనాలా, మీరనాలా?” అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సంతోషం అబద్ధం కాదు, నమ్మండి. కానీ నవ్వుతూనే చూశాను, నాన్న నా కళ్ళలోకి చూడటం లేదు. పన్నెండేళ్ళుగా చూడటం లేదు. ఆ రోజు ఆ గదిలో ఏం జరిగిందో నాతో పాటు తెలిసిన మనిషి ఆయనొక్కడే.

మొదటి నుంచీ చెప్పాలి. లేకపోతే మళ్ళీ సగమే చెప్పినదాన్నవుతాను.

నా థీసిస్ చైనా నౌకాదళం మీద. జపాన్ వాళ్ళతో యుద్ధం వచ్చిన రోజుల్లో చైనా దగ్గర ఎలాంటి ఓడలున్నాయి, అవి ఎవరి కింద ఉండేవి, ఎలా పోయాయి అన్నది. రేవు కూలీ మనవరాలికి చైనా ఓడలతో పనేమిటని మీరు అడగవచ్చు. ఆ రోజుల్లో బర్మా గురించి ఏం రాసినా ప్రమాదమే. మా గైడు పెద్దావిడ, మంచి మనిషి. పక్క దేశం సంగతి, అదీ యాభై ఏళ్ళ కిందటిది తీసుకో, ఎవరికీ తగలదు అంది. ఎవరికీ తగలదు. ఆ మాట ఎన్నిసార్లు తలుచుకున్నానో.

పుస్తకాలుండేవి కావు. బయట దేశాల నుంచి కొత్త పుస్తకం రావడం నేను పుట్టకముందే ఆగిపోయింది. లైబ్రరీలో చెదలు వదిలేసినవి చదివాను. ఒకే దేశం పేరు మీద నాలుగు నౌకాదళాలున్నాయని వాటివల్ల తెలిసింది. ఒకటి రాజధాని మాట వినేది, ఒకటి ఉత్తరాన తన దొర మాటే వినేది, దక్షిణాన ఇంకొకటి ఎవరి మాటా వినేది కాదు, నాలుగోది టార్పెడో పడవలది, అది సైన్యం కింద ఉండేది. అధికారుల్లో చాలామంది ఒకే తీరంవాళ్ళు, ఒకరికొకరు మామా అల్లుళ్ళ వరసలు. ఇంతవరకూ పుస్తకాలే చెప్పాయి. తరువాత ఒకచోట, యుద్ధం మొదలైన వెంటనే, జపాన్ ఓడలు లోపలికి రాకుండా, తమ ఓడల్ని తామే పెద్దనదిలో ముంచేశారని ఒక్క ముక్క ఉంది. ఆ తరువాతి పేజీలు లేవు.

ఆ పేజీలు అప్పలస్వామి తాత దగ్గర దొరికాయి.

రక్త సంబంధం ఏమీ లేదు. మా తాత ఊరివాడు, అంతే. కుర్రతనంలో రంగూన్ నుంచి ఒక కంపెనీ స్టీమరెక్కి, బాయిలర్లో బొగ్గు వేసే పనికి చైనా పోయాడు. నది మూసేసినప్పుడు ఆయన స్టీమరు లోపలి వైపు చిక్కుకుపోయింది. పని లేదు. రోజంతా ఒడ్డున కూర్చుని చూశాడట. రాళ్ళు నింపిన పాత ఓడలు వరసగా కిందికి పోవడం. పోయేముందు వాటి ఫిరంగులు ఊడదీసి ఒడ్డున పాతడం. అడుగున గొట్టాలు తెరిచి, నీళ్ళు ఎక్కుతుంటే నావికులు పడవల్లోకి దిగడం. ఒక వంటవాడు అన్నం డేగిసా నెత్తిన పెట్టుకుని దిగాడట, దాన్ని మాత్రం ముంచనివ్వనని. అది చెప్పినప్పుడల్లా తాత నవ్వేవాడు. ఓడ లేని నావికులు ఏమయ్యారు తాతా అని అడిగితే, నేల మీద ఫిరంగుల దగ్గర నిలబడ్డారనేవాడు. చచ్చిపోయే దాకా.

బాయిలర్ల మోతకి ఆయన చెవులు పోయాయి. ఎడమ చెవి కొంచెం పనిచేసేది. దాని దగ్గరికి వంగి గట్టిగా చెప్పాలి, అదీ తెలుగులోనే. బర్మా భాష ఆయనకు బజారుకు సరిపోయినంతే వచ్చు. అందుకని ఆస్పత్రికి వెళ్ళినా వార్డు ఆఫీసుకు వెళ్ళినా నేనే ఆయనకు నోరు, నేనే చెవి. నన్ను పంతులమ్మా అని పిలిచేవాడు. ఏడిపించడానికే మొదలుపెట్టాడు. తరువాత అదే నా పేరైపోయింది.

ఒకరోజు ఇద్దరం కలిసి ఒక బొమ్మ గీశాం. ఏదో కొట్టువాళ్ళు ఇచ్చిన పెద్ద క్యాలెండరు కాగితం వెనకవైపు. ఓడలు ఆయన గీశాడు. పొగగొట్టాల లెక్క, తెరచాప కర్రల ఎత్తు, ఏదీ మరిచిపోలేదు. చదువు రాని ఆ చేతికి అంత నేర్పు ఎక్కడిదో. నది నేను గీశాను. నీటి లోతులు, ఒడ్డున ఫిరంగులున్న చోట్లు నేనే గుర్తుపెట్టాను. మా గైడుకు చూపించాలని బర్మా భాషలో చిన్న చిన్న మాటలు రాశాను. నదిని ఇక్కడ మూయాలి. ఫిరంగులు ఇక్కడ. ఓడల్ని ఈ వరసలో ముంచాలి. నది పేరు రాయలేదు. ఏ దేశమో రాయలేదు. ఏ సంవత్సరమో రాయలేదు. శుభ్రంగా తిరగరాసేటప్పుడు పైన పేరు పెట్టవచ్చులే అనుకున్నాను. ‘మూశారు’ అనవలసిన చోట ‘మూయాలి’ అని ఎందుకు రాశాను? ఓడలు ముంచమని చైనా నౌకా సేనాపతికి వచ్చిన ఆజ్ఞ నా మనసులో ఉంది, దాన్నే రాశాను. అప్పుడు అది ముఖ్యమనిపించలేదు.

అది ఎనభై ఎనిమిది. ఆగస్టులో సర్కారు దిగిపోవాలని ఊరంతా వీధుల్లోకి వచ్చింది. నేనూ వెళ్ళాను. మా విద్యార్థుల వరసలో నడిచాను, గొంతు పోయేదాకా అరిచాను. రేవు పని ఆగిపోయింది. నాన్న కూడా పనిలోకి వెళ్ళలేదు. కొన్నాళ్ళు భయం అనేది లేనట్టే ఉంది. సెప్టెంబరులో సైన్యం తిరిగి వచ్చింది. అప్పుడు విద్యార్థి అనిపించుకోవడమే నేరమైంది. నా ఈడు పిల్లలు అడవుల్లోకి పోయారు, కొందరు జైళ్ళకి. నేను పుస్తకాలన్నీ గోనెసంచిలో కుక్కి అటక మీద దాచి, పబేడాన్ కొట్టులో గజం కర్ర పట్టుకున్నాను. అడిగినవాళ్ళకి చిన్నప్పటి నుంచీ అక్కడే పని అని చెప్పమన్నాడు నాన్న. మా కాగితాలు పూర్తి పౌరుల కాగితాలు కూడా కావు. చిన్న తప్పు దొరికితే చాలు.

తాత గది రైల్వే స్టేషను వైపు ఉండేది. అక్కడ కాల్పులు జరిగాక మా ఇంటికి తెచ్చుకున్నాం. మా ఊళ్ళో ఎవరింట్లోనైనా పరాయి మనిషి రాత్రి పడుకుంటే వార్డు ఆఫీసులో అతిథుల పట్టీలో రాయించాలి. నాన్న రాయించాడు. ఆ పద్ధతంతా సరిగానే ఉంది.

తనిఖీకి ఒక మధ్యాహ్నం వచ్చారు. అమ్మ బియ్యం వరసలో ఉంది. ఇంట్లో నాన్న, నేను, తాత. ముగ్గురు సైనికులు, వార్డు మనిషి ఒకడు, ఒక అధికారి. కుర్రవాడే. బాగా అలిసిపోయి ఉన్నాడు, మర్యాదగానే మాట్లాడాడు. అతను రాక్షసుడై ఉంటే నాకు ఈ కథ చెప్పడం ఎంత తేలికయ్యేది. పట్టీ చదివి పేర్లు పిలిచారు. ఈ అమ్మాయి ఏం చేస్తుంది అని అడిగితే గుడ్డల కొట్టులో పని అన్నాడు నాన్న. రాసుకున్నారు. వెళ్ళిపోతున్నారు కూడా. అంతలో ఒక సైనికుడు తాత కూర్చున్న చాప ఎత్తాడు. దాని కింద ఆ క్యాలెండరు కాగితం.

ఆ బొమ్మ అక్కడుందని నాకు తెలియదు. నేను అన్నీ అటక ఎక్కించాననుకున్నాను. దాన్ని తాత తన దగ్గరే పెట్టుకున్నాడు. తను గీసిన ఓడలు కదా.

అధికారి దాన్ని వెలుతురుకి పట్టుకుని చదివాడు. రేవు సమ్మె చల్లారి పది రోజులు కాలేదు. నదిని మూయాలి, ఓడల్ని ఈ వరసలో ముంచాలి. అతని ముఖం మారడం చూశాను. ఇది ఎవరు గీశారు, ఎందుకు అని తాతని అడిగాడు. తాత నా వైపు చూశాడు. నేను ఎప్పటిలాగే ఎడమ చెవి దగ్గరికి వంగాను.

“తాతా, ఈ బొమ్మ ఎవరు గీశారని అడుగుతున్నాడు.”

తాతకి భయం లేదు. అదేదో తన పనితనం చూపించమన్నట్టు ముఖం వెలిగింది. “ఓడలు నాను గీసినానని సెప్పు. నది నువ్వు గీసినావు. అది సైనా నదని సెప్పు, జపానోళ్ళ యుద్దం నాటిదని సెప్పు. మా పంతులమ్మ సదువు కోసమని సెప్పమ్మా. దాన్లో దాయడానికి ఏటుంది?”

నేను తల ఎత్తాను. బర్మా భాషలో అధికారితో అన్నాను, “తనే గీశానంటున్నాడు.”

“అంతేనా? చాలాసేపు మాట్లాడాడే.”

“ముసలాయన. అన్నదే మళ్ళీ మళ్ళీ అంటాడు.”

ఇంతే. ఇంతే నేను చేసింది.

అబద్ధం ఒక్కటీ ఆడలేదని ఆ తరువాత చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. గీశానన్నాడు కదా. గీశాడనే కదా చెప్పాను. ఆయన నాలుగు వాక్యాలు ఇస్తే నేను ఒకటి అందించాను, మూడు మింగేశాను. ఆ మూడింట్లోనే ఆయన ప్రాణం ఉందని నాకు తెలియదా? తెలుసు. అవి చెబితే చదువు ఎవరిదని అడుగుతారు, విద్యార్థినని తెలుస్తుంది, నాన్న అబద్ధం బయటపడుతుంది, నా చేతిరాతతో పోల్చి చూస్తారు. ఇదంతా ఆ ఒక్క క్షణంలో ఆలోచించగలిగానా? ఆలోచించాను. మనిషి బుర్ర అంత వేగంగా పనిచేస్తుందని ఆ రోజే తెలిసింది నాకు. జైలు గుర్తొచ్చింది. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది, అది రాయడానికే చేయి ఆగుతోంది. డిగ్రీ గుర్తొచ్చింది. ఇక నాకు డిగ్రీ రాదు అనుకున్నాను. ఒక మనిషి బతుకు ఎదురుగా ఉండగా.

ఆ బర్మా అక్షరాలు ఎవరివని అధికారి అడగలేదు, తాత వైపు చూశాడు. తాత, నేను అంతా చెప్పాననుకుని, అవును బాబూ అన్నట్టు అతనికి తల ఊపాడు. నవ్వుతూ.

నాన్నకు తెలుగు రాదా? నాన్న విన్నాడు. తాత అన్నదీ విన్నాడు, నేను అన్నదీ విన్నాడు. నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. నాన్న మాట్లాడి ఉండవచ్చు కదా అని కొన్నేళ్ళు ఆయన మీద కోపం పెట్టుకోవడానికి ప్రయత్నించాను. కుదరలేదు. ఆయన నోరు విప్పితే పోయేది నేనే.

తాతని లారీ ఎక్కించారు. బేగి ఒచ్చేస్తానని నాన్నకి చేత్తో సైగ చేశాడు.

ఏడాది తిరగకముందే వదిలేశారు. మనిషి సగమయ్యాడు. ఎడమ చెవి కూడా పోయింది. తామ్వే పేటలో ఉండే ఆయన కూతురు రత్నం అక్క తన ఇంటికి తీసుకెళ్ళింది. చూడటానికి వెంటనే వెళ్ళలేదు. నెలయ్యాక వెళ్ళాను. నన్ను చూడగానే, సదువు ఐపోయిందా పంతులమ్మా అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళకి నా గురించి చెప్పాడు. ఈ పిల్ల అంతా ఇడమరిసి సెప్పింది, ఆళ్ళే నమ్మనేదు అని. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ టీ కొట్టు దగ్గర అదే చెప్పేవాడట. జైల్లో దెబ్బలు తింటున్నప్పుడు కూడా అలాగే అనుకుని ఉంటాడు. పంతులమ్మ చెప్పింది, వీళ్ళు నమ్మలేదు అని.

ఒకసారి ఇద్దరమే ఉన్నప్పుడు ఆయన ఎడమ చెవి దగ్గరికి వంగి మొత్తం చెప్పాను. నేను చెప్పలేదు తాతా, నువ్వు చెప్పమన్నది నేను చెప్పలేదు అని. గట్టిగానే చెప్పాను. ఆయన నా పెదాల కదలిక చూసి, ఏదో మంచి మాట అయి ఉంటుందని తల నిమిరాడు. వినపడదని తెలిసి చెప్పిన మాట చెప్పినట్టేనా? వినపడి ఉంటే చెప్పేదాన్నా? ఈ రెండో ప్రశ్నకి జవాబు నాకు తెలుసు, అందుకే మొదటిదాన్ని ఇన్నేళ్ళు తిప్పుతూ కూర్చున్నాను.

యూనివర్సిటీ రెండోసారి మూసిన ఏడు ఆయన పోయాడు. పాడె వెనక నడిచాను. అందరూ నన్నే ఓదార్చారు.

థీసిస్ నేను పూర్తి చేశాను. ఓడలు మునిగిన అధ్యాయం మొత్తం ఆయనదే. వంటవాడి డేగిసాతో సహా రాశాను. ఆయన పేరు రాయలేదు. ‘ఒక వృద్ధ నావికుడు చెప్పిన ప్రకారం’ అని అడుగున సన్న అక్షరాల్లో వేశాను. పేరు వేస్తే కుటుంబానికి ప్రమాదమని మా గైడుకు చెప్పాను. ఆవిడ నా జాగ్రత్తని మెచ్చుకుంది. అసలు కారణం వేరు. ఆ పేరు అచ్చులో ఎదురుగా ఉంటే నేను దాన్ని దాటి తరువాతి పేజీ తిప్పలేను. ఇవాళ పొద్దున పరీక్షాధికారి, మీ పుస్తకంలో బతికి ఉన్న అధ్యాయం అదొక్కటే అన్నాడు. నమస్కారం పెట్టి బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చున్నాను. లేచాక వార్త చెప్పుకుంటూ పరిగెత్తాను. రెండూ నేనే.

సాయంత్రం తామ్వే వెళ్ళాను. చెప్పేయాలనే వెళ్ళాను. రత్నం అక్క గుమ్మంలోనే కావలించుకుని ఏడ్చింది.

“మా అయ్య ఉంటే ఈదీ ఈదీ తిరిగి సెప్పీవోడు,” అంది. “అందరూ దాక్కున్న రోజుల్లో నువ్వొక్కద్దానివే ఆడి కోసం మాటాడినావు. అది సాలమ్మా మాకు.”

నేను నోరు తెరిచాను. ఆవిడ ముఖం చూశాను. మూసుకున్నాను. ఆవిడకి తండ్రి నుంచి మిగిలింది ఆ ఒక్క మాటే, దాన్ని లాక్కోవడం పాపం అని నాకు నేను చెప్పుకుంటూ బస్సెక్కాను. వంతెన దాటేలోపే తెలిసిపోయింది, ఇది కూడా ఆ పాత తెలివే అని. అప్పుడు మూడు వాక్యాలు మింగాను. ఇవాళ ఒకటి.

ఇంటికొచ్చి కూర్చుని ఇది రాస్తున్నాను. పక్క గదిలో నాన్న ఇంకా వచ్చేపోయేవాళ్ళకి నా కాగితం చూపిస్తున్నాడు. రత్నం అక్కకి చదవడం రాదు. అది తెలిసే రాస్తున్నానని మీరు పట్టుకుంటారు. పట్టుకోండి. ఎప్పుడైనా ఆవిడ ఎదుట కూర్చుని ఇదంతా చదివి వినిపిస్తానా? వినిపిస్తానని రాయబోయి ఆగాను. నా మాట మీద నాకు నమ్మకం లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ దగ్గర లేదు. ఉన్నవాడు నా తల నిమిరి వెళ్ళిపోయాడు, దేనికి నిమిరాడో తెలియకుండా.

అప్పలస్వామి తాత చెప్పమన్నాడు. నేను చెప్పలేదు. వాళ్ళు నమ్మకపోవడం కాదు, నేను చెప్పలేదు. ఈ చిన్న ముక్క కాగితం మీద పెట్టడానికి పన్నెండేళ్ళు పట్టింది. పెట్టాక తిరిగి చదువుకున్నాను. లోపల బరువేమీ తగ్గలేదు. కానీ ఇప్పుడు అది నాకు ఎదురుగా ఉంది, దాని పక్కన కూర్చుని ఊపిరి తీసుకోగలుగుతున్నాను.